అగ్నిశిఖా, చెంగల్వ కోష్టా, కస్తూరి పసుపా, నేలతాడా: నీడలో పెంచడానికి ఏ అడవి పువ్వు తీసుకోవాలి?

జూన్ చివర్లో రెండు గట్టి వానలు పడ్డాక మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో ఎక్కడైనా బండి ఆపి దిగి చూడండి, నెల క్రితం ఎండాకులు తప్ప ఏమీ లేని నేల మొత్తం పచ్చగా అయిపోయి ఉంటుంది, అవన్నీ కొత్తగా విత్తనం పడి మొలిచినవి అనుకుంటాం గానీ వాటిల్లో చాలావరకు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవే, ఎండాకాలం అంతా నేల కింద దుంపగా పడుకుని వాన వాసన తగలగానే లేచినవి. ఇలాంటి పువ్వుల్ని ఫోటో తీసుకుని "ఇది ఇంట్లో పెరుగుద్దా" అని నన్ను అడిగేవాళ్ళు ప్రతి వానాకాలం ఉంటారు. పెరుగుద్ది. కాకపోతే ఏది తెచ్చుకోవాలి అనేది పువ్వు అందం చూసి కాదు, ఆ మొక్క నిద్రపోయే నెలల్లో ఆ కుండీని మీరు కదపకుండా, తడపకుండా, పారేయకుండా ఉంచగలరా లేదా అనేది చూసి తేల్చుకోవాలి. నేను పదేళ్ళుగా వీటితో ఉన్నా, నా చేతిలో చచ్చిపోయిన వాటిల్లో ఎక్కువ శాతం నిద్రలో ఉన్నప్పుడు పోయినవే, పూస్తున్నప్పుడు పోయింది ఒక్కటి కూడా గుర్తు లేదు.

మన తూర్పు కనుమల అడవుల్లో సహజంగా పెరిగేవి, ఇంటి నీడలో కూడా బతికేవి నాలుగు తీసుకుని పోల్చి చెప్తా. అగ్నిశిఖ, చెంగల్వ కోష్టు, కస్తూరి పసుపు, నేలతాడి. నాలుగూ బహువార్షికాలే, నాలుగూ నేల కింద దుంపో, పసుపు కొమ్ములాంటిదో పెట్టుకుని బతికేవే, కానీ నాలుగు నాలుగు రకాల ఇళ్ళకి పనికొస్తాయి.

ముందు అగ్నిశిఖ గురించే చెప్తా, ఎందుకంటే అందరూ అడిగేది దీన్నే, పైగా అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది కూడా దీని గురించే. అడవి నాభి అంటారు, పొత్తి దుంప అంటారు, మా అమ్మమ్మ అయితే వట్టి నాభి అనే అనేది, ఆ మాట అంటూనే పిల్లల్ని కంచె దగ్గర నుంచి వెనక్కి లాగేది. శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. పక్కనే తమిళనాడుకి ఇది రాష్ట్ర పుష్పం, ఎక్కడో ఆఫ్రికాలో జింబాబ్వేకి జాతీయ పుష్పం. పువ్వు లేకపోయినా దీన్ని పట్టేయొచ్చు, ఆకు కొస చూడండి చాలు. ఆకు మామూలుగా సన్నగా పొడుగ్గా వచ్చి చివర్లో తీగలాగా సాగి స్ప్రింగులా చుట్టుకుంటుంది, ఆ చుట్టతోనే పక్కనున్న పొదని పట్టుకుని పైకి పాకుతుంది. తీగ వేరే ఆకు వేరే కాదు, ఆకు కొసే తీగ. కాండం మొదట్లో వచ్చే కింది ఆకులకి ఈ చుట్ట ఉండదు కాబట్టి మొలక చిన్నగా ఉన్నప్పుడు చూసి ఏదో లిల్లీ అనుకునే ప్రమాదం ఉంది, జానెడు రెండు జానలు పెరిగాక చూస్తే ఇంక అనుమానం ఉండదు.

పువ్వు దగ్గర కూర్చుని ఒక వారం చూస్తే తెలుస్తుంది దీనికి ఎందుకింత పేరు వచ్చిందో. మొగ్గ తల దించుకుని ఆకుపచ్చగా ఉంటుంది, విచ్చుకునేటప్పుడు 6 రేకులూ కిందికి కాకుండా వెనక్కి, అంటే ఆకాశం వైపు మడుచుకుంటాయి, అంచులు అలలు అలలుగా. మొదటి రోజు రేకు మొదలు దగ్గర పసుపు, కొసల్లో కొంచెం ఎరుపు. రోజులు గడిచేకొద్దీ ఎరుపు కిందికి దిగుతూ వచ్చి చివరికి రేకు మొత్తం నిప్పులా అయిపోతుంది, అందుకే ఒకే తీగ మీద పసుపు పువ్వూ నారింజ పువ్వూ ఎర్ర పువ్వూ ఒకేసారి కనపడతాయి. పుప్పొడి ఉండే కేసరాలు 6 బండి చక్రం పుల్లల్లా పక్కలకి చాపి ఉంటే, మధ్యలో ఉండాల్సిన కీలం, అంటే పుప్పొడిని అందుకునే కాడ, మాత్రం మొదలు దగ్గరే లంబకోణంలో వంగి పక్కకి వెళ్ళిపోతుంది. అందుకే దాని పుప్పొడి దానికే పడటం కష్టం, కాయ కావాలంటే తేనెటీగో సీతాకోకో రావాలి. తమిళనాడులో కరూర్, దిండిగల్ వైపు విత్తనం కోసం దీన్ని పొలాల్లో పంటగా వేసే రైతులు పొద్దున్నే పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దుతారు, ఆ విత్తనం మందుల కంపెనీలకి వెళ్తుంది.

మందుల కంపెనీలకి ఎందుకంటే ఇందులో కోల్చిసిన్ ఉంటుంది, గౌట్ అనే కీళ్ళ నొప్పులకి వాడే మందు అదే. అదే కోల్చిసిన్ మోతాదు దాటితే మనిషిని చంపేస్తుంది. మొక్కలో అన్ని భాగాలూ విషమే, దుంప మరీను. ఆ దుంప చూడటానికి చిలగడదుంపలానో అడవి దుంపలానో ఉంటుంది, అలా పొరపాటుపడి తిని పోయినవాళ్ళు మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉన్నారు. ఒకవేళ ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా ఆగొద్దు, లక్షణాలు బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది, ఈలోపే మొక్క ముక్క ఒకటి చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

ఇది నేను ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. మూడో ఏడాదో నాలుగో ఏడాదో డిసెంబర్‌లో నా అగ్నిశిఖ తీగ మొత్తం ఎండిపోతే, సరే పోయింది అనుకుని కుండీ బోర్లించి ఆ మట్టిని తీసుకెళ్ళి వేరే కుండీల్లో కలిపేశా. దుంప నేలరంగులోనే ఉంటుంది, ముక్కలైపోయి ఉంది, చూస్కోలేదు. జూన్‌లో పచ్చిమిర్చి మొక్క పక్క నుంచి ఒక మొలక లేచింది, నేను ఏదో కలుపు అనుకుని వదిలేశా, ఆకు కొస చుట్టుకోవడం మొదలెట్టాక గానీ వెలగలేదు. అదే కుండీలో అంతకుముందు నెల అల్లం ముక్కలు పెడదామని అనుకున్నా. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటినుంచి నా నియమం ఏంటంటే అగ్నిశిఖ కుండీ ఎప్పటికీ అగ్నిశిఖ కుండీయే, దాని మట్టి ఇంకెక్కడికీ పోదు, కుండీ మీద ఆయిల్ పెయింట్‌తో పేరు రాసి ఉంటుంది, కూరగాయల మొక్కలు ఉన్న వైపు అసలు పెట్టను.

కాబట్టి ఇంట్లో పాకే వయసు పిల్లలు, కనపడినదల్లా తవ్వే కుక్కపిల్ల, లేదా పెరట్లో దుంపలు తవ్వుకునే అలవాటు ఉన్న పెద్దవాళ్ళు ఉంటే అగ్నిశిఖ వద్దు. దీనికి "జాగ్రత్తగా ఉంటాం లెండి" అనే సమాధానం నేను ఒప్పుకోను, పిల్లలు పెద్దయ్యాక పెంచుకోండి, మొక్క ఎక్కడికీ పోదు.

అలాంటి ఇబ్బంది లేదు అనుకుంటే పెంచడం మరీ కష్టమేం కాదు. దుంప ఇంగ్లీషు వీ ఆకారంలోనో ఎల్ ఆకారంలోనో ఉంటుంది, నాగలి ఆకారం అనే సంస్కృతంలో లాంగలి అన్నారు. మొలక కన్ను ఒక్కో చెయ్యి కొసలో ఒక్కటే ఉంటుంది, ఆ కొస విరిగితే ఆ చెయ్యి ఇంక మొలవదు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఇదే తేడా వస్తుంది, నాకు ఒకసారి వచ్చిన 5 దుంపల్లో 3 కొసలు విరిగే వచ్చాయ్, బరువుగా గట్టిగా బాగానే ఉన్నాయ్ కదా అని పాతితే ఆ ఏడాది మొత్తం వట్టి మట్టే చూశా. ప్యాకెట్ విప్పగానే కొసలు చూడండి, లేకపోతే ఫోటో తీసి వెంటనే వెనక్కి పంపండి. గ్లవ్స్ వేసుకునే ముట్టుకోండి, కొంతమందికి చర్మం మండుతుంది. మే నెలాఖర్లో 12 నుంచి 14 అంగుళాల లోతున్న కుండీలో దుంపని నిలబెట్టకుండా పడుకోబెట్టి, పైన 2, 3 అంగుళాల మట్టి వేస్తే చాలు. పాకడానికి సన్నటి పుల్లలో వలో కావాలి, లావు కర్ర పెడితే ఆకు కొస దాన్ని చుట్టుకోలేదు. కాళ్ళు నీడలో తల ఎండలో ఉండాలి దీనికి, అడవిలో కూడా పొద కింద మొలిచి పొద పైకి వచ్చి పూస్తుంది. పూర్తి నీడ అయితే తీగ బారుగా సాగుతుంది గానీ పువ్వు రాదు. విత్తనంతో మొదలుపెడితే పువ్వు చూడటానికి 3, 4 ఏళ్ళు పడుతుంది, ఆ ఓపిక ఉంటే విత్తనమే మేలు.

ఇంకోటి, వానలు పడ్డాక ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆకులు సగం మాయమై ఉంటాయ్. నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలున్న గొంగళిపురుగులు ఆకు కింద బారులు తీరి ఉంటాయ్, లిల్లీ పురుగు అంటారు. అంత విషం ఉన్న ఆకుని అవి ఎంత హాయిగా తింటాయో. వేపనూనె కొట్టే ముందు చేత్తో, అదే గ్లవ్స్‌తో, ఏరేయండి, రెండు రోజులు వరసగా ఏరితే అయిపోద్ది.

ఇప్పుడు చెంగల్వ కోష్టు. మన్యం వైపు వాగు పక్కన, రోడ్డు పక్క తడి గుంటల్లో ఆగస్టు, సెప్టెంబర్లలో ఎర్రటి కండె మీద తెల్లటి క్రేప్ కాగితం లాంటి పువ్వు కనపడితే అది ఇదే. దీన్ని గుర్తుపట్టడంలో గందరగోళం ఎక్కువ, పేర్ల వల్ల. ఆయుర్వేదం షాపులో కోష్టు అని అమ్మే వేరు దీనిది కాదు, అది కాశ్మీర్, హిమాచల్ కొండల్లో పెరిగే పూర్తిగా వేరే మొక్క. నర్సరీల్లో ఇన్సులిన్ మొక్క అని అమ్మేదీ ఇది కాదు, దాని దగ్గరి చుట్టం మాత్రమే, అది బ్రెజిల్ నుంచి వచ్చింది, 2 అడుగులు దాటదు, ఆకు కింద ఊదా రంగు ఉంటుంది, పువ్వు నారింజ రంగు. షుగర్ కోసం ఆకు నమిలే వాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ మొక్క అయినా సరే డాక్టర్ ఇచ్చిన మాత్ర మాత్రం మానొద్దు అని ఇక్కడే చెప్పేస్తున్నా. ఇంక లేబుల్ మీద శాస్త్రీయ నామం కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కోస్టస్ స్పెసియోసస్ అన్నా, కైలోకోస్టస్ అన్నా, హెల్లెనియా అన్నా మొక్క ఒకటే, పేరు మార్చుకుంటూ వచ్చారు అంతే.

అసలు గుర్తు కాండం. పై నుంచి తొంగి చూడండి, ఆకులు మేడ మెట్లలాగా కాండం చుట్టూ మెలి తిరుగుతూ ఎక్కుతాయి, కాండం కూడా ఆ మెలితోనే వంగుతుంది. అల్లం, పసుపు జాతిలో ఏ మొక్కకైనా ఆకులు రెండు వరసల్లో అటొకటి ఇటొకటి ఉంటాయి, ఈ మెలి ఉండదు. అనుమానం తీరకపోతే ఆకు నలిపి వాసన చూడండి, అల్లం జాతి అయితే ఘాటుగా తగులుతుంది, దీనికి ఏ వాసనా ఉండదు. ఆకు వెనక వేలితో రాస్తే పట్టు గుడ్డలా ఉంటుంది.

పువ్వు విషయంలో ముందే తెలుసుకోండి, ఒక్కో కండె నుంచి రోజుకి ఒకటి, మహా అయితే రెండు పువ్వులు విచ్చుకుని ఆ రోజుకే వాడిపోతాయ్. ఒకేసారి గుత్తిలా పూస్తుంది అనుకుని తెచ్చుకుంటే నిరాశ పడతారు. కానీ ఎర్ర కండె మాత్రం వారాల తరబడి అలాగే నిలబడి ఉంటుంది, నిజానికి అందం అంతా దాందే. ఆ కండె పొలుసుల మీద తేనె ఊరుతుంది, పువ్వులో కాదు పొలుసు మీదే, చీమలు దాని కోసం కింద నుంచి పైకి బారు కట్టి తిరుగుతుంటాయ్. చీమలు పట్టాయి అని మందు కొట్టకండి, అవి మొక్కకి కాపలా, వాటికి అది జీతం.

దీని కష్టం ఒక్కటే, చోటు. 6 నుంచి 8 అడుగుల ఎత్తు పెరుగుతుంది, పక్కకి కూడా జరుగుతూ పోతుంది, బాల్కనీలో 12 అంగుళాల కుండీలో పెట్టి పూయట్లేదు అంటే అది మొక్క తప్పు కాదు. కనీసం 18 అంగుళాల కుండీ, లేదా మామిడి చెట్టు కిందో ఇంటి ఉత్తరం వైపు గోడ వారనో నేల ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని దీన్నే పెట్టండి. నాలుగింట్లో నీళ్ళకి భయపడనిది ఇదొక్కటే, వాషింగ్ ఏరియా నీళ్ళు పోయే మూల తడి ఉంటుంది చూడండి, సబ్బు నీళ్ళు కాకపోతే అక్కడ కూడా కళకళ్ళాడుతుంది. చలికాలంలో కూడా కొంచెం తడి అందితే పూర్తిగా పడుకోదు, కొన్ని కాండాలు పచ్చగానే ఉంటాయి, కాబట్టి ఖాళీ కుండీ చూస్తూ ఉండలేని వాళ్ళకి ఇది సరిపోతుంది. కొత్త మొక్కలు చెయ్యడం కూడా సులువు, పూత అయిపోయిన కాండాన్ని రెండు మూడు కణుపుల ముక్కలుగా కోసి తడి ఇసుకలో అడ్డంగా పడుకోబెడితే కణుపుల దగ్గర పిలకలు లేస్తాయి. అడగడానికి వచ్చిన వాళ్ళందరికీ నేను ఇచ్చేది ఇలా చేసినవే.

కస్తూరి పసుపు. మొదటిసారి అడవి మొక్క పెంచేవాళ్ళు ఎవరైనా అడిగితే నా నోటి నుంచి వచ్చే పేరు ఇదే. కుర్కుమా అరొమాటికా. పసుపు పెంచినవాళ్ళకి దీని పని సగం వచ్చేసినట్టే, దుంప విరిచి కన్ను పైకి పెట్టి 2 అంగుళాల లోతులో పాతడమే, 12 అంగుళాల కుండీ చాలు, సగం నీడ చాలు, తూర్పు బాల్కనీలో పొద్దున రెండు మూడు గంటల ఎండ వచ్చే చోటు దీనికి బాగా నచ్చుతుంది. విషం భయం లేదు, అయితే కూరల్లో వేసుకునే పసుపు కూడా కాదు, ఒంటికి రాసుకునే రకం.

మామూలు పసుపు నుంచి వేరు చేయడానికి రెండు గుర్తులు. ఆకు వెనక వేలి వెనక భాగంతో రాయండి, మెత్తగా వెల్వెట్‌లా నూగు తగిలితే కస్తూరి పసుపు, నున్నగా జారితే మామూలు పసుపు. రెండోది పువ్వు ఎక్కడి నుంచి వస్తుంది అనేది. మామూలు పసుపుకి ఆకుల గుంపు నడిమి నుంచి కంకి వస్తుంది, దీనికి ఆకులు ఇంకా రాకముందే, ఏప్రిల్, మే నెలల్లో, ఆకులు వచ్చే చోటికి పక్కన విడిగా నేలలోంచి కంకి పైకి పొడుచుకొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కోసిన పువ్వు తెచ్చి వట్టి మట్టిలో గుచ్చారా అనిపించింది నాకు. కంకి పై భాగంలో గులాబి రంగు పొలుసులు విచ్చుకుని ఉంటాయి, అందరూ పువ్వు అనుకునేది వాటినే, అసలు పువ్వులు కింద లేత ఆకుపచ్చ పొలుసుల జేబుల్లో ఉంటాయి, ఒక్కో జేబులోకి తొంగి చూస్తే చిన్న పసుపు రంగు పువ్వు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. కోసి నీళ్ళ సీసాలో పెడితే వారం పైనే నిలుస్తుంది.

ఇక్కడే ఎంపికకి సంబంధించిన విషయం ఒకటుంది. పువ్వు ఎండాకాలం చివర్లో వస్తుంది కాబట్టి జూన్ దాకా కుండీ వైపే చూడని వాళ్ళకి పువ్వు దక్కదు. ఏప్రిల్ మధ్య నుంచి పది రోజులకోసారి కొంచెం తడి చూపించాలి, అడవిలో మామిడికాయ వానలు చేసే పని అదే. మరీ ఎక్కువ పోస్తే దుంప కుళ్ళు వస్తుంది, వేలు పెట్టి చూస్తే ఒక కణుపు లోతులో చల్లగా తగలాలి, అంటుకోకూడదు. కుండీలో మొదటి ఏడాది పువ్వు రాకపోవచ్చు, ఆకులే వస్తాయి, దుంప బలిస్తే రెండో ఏడాది వస్తుంది. ఏటా తవ్వి పంచకండి, మూడేళ్ళకోసారి చాలు.

దీని చుట్టం ఇంకోటి ఉంది, కుర్కుమా అంగుస్టిఫోలియా, సన్నాకుల రకం, ఆరారూట్‌లా జావ కాచుకునే పిండి తీసే దుంపల్లో అదొకటి. దానికి ఆ పేరు పెట్టింది రాక్స్‌బర్గ్, 1780ల్లో మన సామర్లకోటలో తోట పెంచి కోరమాండల్ తీరం మొక్కల్ని బొమ్మలు వేయించినాయన. అది దొరికితే అదీ పెట్టుకోండి, పెంచే పద్ధతి ఇదే.

చివరిది నేలతాడి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది, అందరికీ మాత్రం చెప్పను. చూడటానికి తాటి మొలకో ఈత మొలకో అనిపిస్తుంది, ఆకుల మీద పొడుగునా మడతలు ఉంటాయి, పేరు అందుకే వచ్చింది. పువ్వు వచ్చేదాకా దాన్ని ఎవరూ పట్టించుకోరు, గడ్డి అనుకుని తొక్కుకుంటూ పోతారు. ఆకుల మధ్య మట్టిని ఆనుకుని పసుపు రంగు నక్షత్రం, 6 రేకులు, చిటికెన వేలి గోరంత కంటే కాస్త పెద్దది, పొద్దున విచ్చుకుంటుంది. అది చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. గింజలు తయారయ్యే అండాశయం మట్టి మట్టంలోనో మట్టి కిందో ఉంటుంది, పైకి కనపడేది పువ్వు మెడ మాత్రమే. సఫేద్ ముస్లితో కలిపేసుకుంటారు కొందరు, దానికి ఆకుల మీద ఈ మడతలు ఉండవు, తెల్ల పువ్వులు పొడుగాటి కాడ మీద వస్తాయి, ఇది నల్ల ముస్లి, వేరు కొమ్ము పైన నల్లగా లోపల తెల్లగా ఉంటుంది.

నిజమైన నీడ, అంటే అపార్ట్‌మెంట్‌లో ఉత్తరం బాల్కనీ, ఎండ నేరుగా తగలని వెలుతురు మాత్రమే వచ్చే చోటు, అక్కడ మిగతా మూడూ ఆకులతో సరిపెట్టేస్తాయి, నేలతాడి పూస్తుంది. 8 అంగుళాల కుండీ చాలు కానీ లోతుండాలి, కొమ్ము నిలువుగా కిందికి దిగుతుంది. నెమ్మదిగా పెరుగుతుంది, చాలా నెమ్మదిగా, ఏడాదికి నాలుగైదు ఆకులు పెరిగితే సంతోషించాలి. ఒక ఆకు కొస వంగి మట్టిని తాకి అలాగే ఉండిపోతే ఆ కొస దగ్గర చిన్న పిల్ల మొక్క వేళ్ళు వేసుకుంటుంది, నేను మొదటిసారి అది చూసి ఆకు ఎండిపోయింది అని కత్తిరించబోయి ఆగిపోయా. ఆ ఆకు మీద చిన్న గులకరాయి బరువు పెట్టి ఆర్నెల్లు వదిలేస్తే రెండో మొక్క మీ చేతిలో ఉన్నట్టే.

మందు కోసం అడవుల్లో దీన్ని వేళ్ళతో సహా తవ్వేస్తారు, కొమ్ము తీస్తే మొక్క పోయినట్టే, అంత నెమ్మదిగా పెరిగేది మళ్ళీ ఎప్పటికి రావాలి. అందుకని దీన్నే కాదు నాలుగింట్లో దేన్నీ అడవి నుంచి తవ్వి తెచ్చుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం రిజర్వు ఫారెస్టులోంచి మొక్క తీసుకురావడం నేరం, అది ఒక కారణం, కానీ చట్టం లేకపోయినా నేను ఇదే చెప్తా. పైగా పూస్తున్నప్పుడు తవ్వి తెచ్చిన మొక్క దాదాపు బతకదు, అగ్నిశిఖకైతే ఆ సమయంలో పాత దుంప ఖాళీ అయిపోయి కొత్త దుంప ఇంకా తయారవుతూ ఉంటుంది, ఇంటికొచ్చాక వారంలో వాడిపోతుంది. నర్సరీల్లో ఔషధ మొక్కల వైపు అడగండి, కడియం వైపు వెళ్ళేవాళ్ళు వానాకాలంలో వెళ్తే పువ్వు చూసి మరీ తెచ్చుకోవచ్చు, లేదా పెంచుతున్న వాళ్ళ దగ్గర పిలక అడగండి, ఇలాంటివి పెంచేవాళ్ళు కాదనరు.

మట్టి నాలుగింటికీ ఒకటే, ఎర్రమట్టి ఒక వంతు, బాగా చివికిన ఆకు ఎరువు ఒక వంతు, ముతక ఇసుక సగం వంతు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువ వేయకండి, పైన ఎండినట్టు కనపడి లోపల తడి పట్టుకుని ఉంటుంది. మామిడి చెట్టు కింద నేలలో పెడితే రాలిన ఆకులు ఊడ్చేయకండి, అదే దాని దుప్పటి, అదే దాని తిండి.

ఇంక నిద్ర సంగతి, నేను మొదట్లో చెప్పింది. నవంబర్ నుంచి ఆకులు పసుపు తిరగడం మొదలవుతుంది. అప్పుడు కంగారుపడి నీళ్ళు, ఎరువు ఎక్కువ పోస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. మట్టిలోని నీళ్ళని లాగేది ఆకులే, ఆకులు లేనప్పుడు పోసిన నీళ్ళు ఎటూ పోకుండా దుంప చుట్టూ నిలబడి కుళ్ళబెడతాయి. పసుపు తిరగగానే నీళ్ళు తగ్గించి, పూర్తిగా ఎండాక ఆపేయాలి. కాడని పచ్చిగా ఉండగా కోయొద్దు, దానంతట అది ఊడి రావాలి, చివరి రోజుల్లో ఆకులో ఉన్నదంతా దుంపలోకి దిగుతుంది. తెలంగాణలో ఇది తేలిక, నవంబర్ నాటికి వానలు ఆగిపోతాయి. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, మొక్క పడుకోవాల్సిన టైంలోనే కుండపోత. అక్కడివాళ్ళు కుండీని ఎండిన వెంటనే చూరు కిందకి చేర్చి పక్కకి పడుకోబెట్టేయండి, వాన లోపలికి పోదు, పడుకోబెట్టిన కుండీలో పొరపాటున ఎవరూ నీళ్ళు కూడా పొయ్యరు. మా ఇంట్లో నేను లేనప్పుడు పాపం మంచి మనసుతో అన్ని కుండీలకీ నీళ్ళు పోసేసేవాళ్ళు, పడుకోబెట్టడం మొదలెట్టాక ఆ బాధ తప్పింది. ఎండాకాలంలో మేడ మీద వదిలేయొద్దు, 43, 44 డిగ్రీల ఎండకి నల్ల ప్లాస్టిక్ కుండీలో దుంప ఉడికిపోతుంది, కింద నీడలో పెట్టండి.

ఈ పడుకునే లెక్కలో చూస్తే, అగ్నిశిఖ ఖాళీ కుండీగా ఆరు నెలల దాకా ఉంటుంది, ముట్టుకోకూడదు, మట్టి కలపకూడదు. కస్తూరి పసుపు డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నేలతాడి ఎండాకాలంలో ఆకులు పోయి ఏమీ లేనట్టు ఉంటుంది, కలుపు తీసే మనిషి చేతిలో పోయే అవకాశం దీనికే ఎక్కువ కాబట్టి చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టండి. చెంగల్వ కోష్టు ఒక్కటే మీతో పాటు మెలకువగా ఉంటుంది.

ఇల్లు మారుతూ ఉండేవాళ్ళు, అద్దె ఇళ్ళ వాళ్ళు కస్తూరి పసుపు తీసుకోండి, నిద్రలో ఉన్నప్పుడు దుంపలు పేపర్లో చుట్టి సంచీలో వేసుకుని వెళ్ళిపోవచ్చు. సొంత పెరడు, చెట్టు నీడ, నీళ్ళు ఉన్నవాళ్ళు చెంగల్వ కోష్టు. ఎండ తగలని బాల్కనీ, తొందర లేని మనిషి అయితే నేలతాడి. పిల్లలు లేని ఇల్లు, కంచె, పైన ఎండ, మీ కుండీల మీద మీకు తప్ప ఇంకెవరికీ చెయ్యి వేసే అలవాటు లేకపోతే అప్పుడు అగ్నిశిఖ. రెండు పెట్టుకుందాం అనుకుంటే కస్తూరి పసుపు, చెంగల్వ కోష్టు కలిపి పెట్టండి, ఒకటి మేలో పూసి ఆకులేసుకునే టైంకి రెండోది కండె వేస్తుంది, మే నుంచి అక్టోబర్ దాకా ఏదో ఒకటి చూడటానికి ఉంటుంది. కుండీ మీద పేరు, పడుకున్న తేదీ రాయడం మాత్రం మర్చిపోవద్దు, చాక్‌పీస్‌తో కాదు, పెయింట్‌తో.